మొదటి రింగు

రిహాబ్ పనిచేసే ఆఫీసులో ఫోన్లకు ఆపరేటింగ్ సిస్టం తయారుచేస్తారు. ఫోను ఒకటే, లోపలి నడక మాత్రం మనిషిని బట్టి మారుతుంది. పిల్లలకైతే తాళాలెక్కువ. పనులమీద తిరిగేవాళ్లకు అన్నీ చేతికందేట్టు ఉంటాయి. ముసలివాళ్లకు పెద్ద అక్షరాలు, తక్కువ బొత్తాలు. ఆ ముసలివాళ్ల భాగం రిహాబ్‌ది.

వాళ్ల గురించి ఆమె చాలా ఆలోచించింది. ఫోను మోగగానే వంటింట్లోంచి పరుగెత్తుతారు, చాపకు కాలు తగిలి పడతారు, తీరా అందుకునేసరికి అది ఆగిపోతుంది. అందుకని మొదటి రింగు వినబడకుండా చేసింది. రెండో రింగుదాకా నిలిచిన ఫోనే మోగుతుంది. ఒక్క రింగుతో ఆగినది తెరమీద కూడా కనబడదు, ఊరికే కంగారెందుకని. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. మొదటి ఫోను తెచ్చి వాళ్లమ్మ ఇన్షిరాహ్ చేతిలో పెట్టింది.

"అబ్బో, ఒక్కో అక్షరం రొట్టెంత ఉందే!" అని మురిసిపోయిందావిడ.

ఇన్షిరాహ్‌కు తఫీదా అని స్నేహితురాలు. అలెగ్జాండ్రియాలో ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు చేశారు. తర్వాత తఫీదా రషీద్ అనే ఊళ్లో ఉండే కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అప్పట్నించీ పొద్దున్నే టీ మరిగే వేళకు తఫీదా ఒక్క రింగిచ్చి పెట్టేసేది. ఇన్షిరాహ్ తిరిగి ఒక్కటిచ్చేది. లేచాను, బాగున్నాను అని దానర్థం. ఆ దేశంలో ఇలా చెయ్యని ఇల్లు లేదు. చదువుకునే రోజుల్లో రిహాబ్ కూడా బస్సు దిగగానే ఇంటికి ఒక్క రింగిచ్చేది.

కొత్త ఫోను వచ్చాక ఇన్షిరాహ్ గొణగడం మొదలుపెట్టింది.

"తఫీదాకి గీర పట్టిందే."

"నువ్వే ఓసారి చెయ్యొచ్చుగా?"

"నేనెందుకు చేస్తాను? మానేసింది తను. మొదలుపెట్టాల్సిందీ తనే."

"చిన్నపిల్లల అలకమ్మా నీది," అని నవ్వేసి రిహాబ్ ఆఫీసుకు పోయేది.

పండక్కి కూడా ఆ ఇద్దరూ బిగుసుకునే ఉన్నారు. చలికాలంలో తఫీదా పోయిందని కబురొచ్చింది.

పరామర్శకు తల్లీకూతుళ్లు రషీద్ వెళ్లారు. ఆడవాళ్ల గదిలో చావింటి ఆచారం ప్రకారం చక్కెర లేని కాఫీ ఇస్తున్నారు. తఫీదా కూతురు విజ్దాన్‌కు ఇన్షిరాహ్ ఖాలా, అంటే పిన్ని వరస. ఆవిడకు కప్పందిస్తూ అంది:

"ఇప్పటికి తీరిక దొరికిందా ఖాలా?"

"అదేం మాటమ్మా?"

"మా అమ్మ రోజూ నీకు రింగిచ్చి, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. టీ చల్లారిపోయేది. పోనీ మాట్లాడరాదూ అంటే, 'దాని కూతురు పెద్ద ఉద్యోగస్తురాలు, అదిప్పుడు మన రింగుకు లేస్తుందా' అనేది."

"ఒక్కటీ మోగలేదు! దేవుడి మీద ఒట్టు."

"అంటే పోయినావిడ అబద్ధమాడిందా?"

రిహాబ్‌కు తను దాచేసిన మొదటి రింగు గుర్తొచ్చింది. నోరు మెదపకపోతే ఇది ఇద్దరు ముసలమ్మల పంతం కింద సరిపోతుంది. అమ్మ మాత్రం అబద్ధాలకోరుగా మిగిలిపోతుంది.

"తఫీదా ఖాలా రింగిచ్చింది. మా అమ్మకు వినబడలేదు. వినబడకుండా చేసింది నేను," అంది.

ఎందుకలా చేసిందో కూడా చెప్పింది. మూలనున్న ఒక ముసలావిడ చెయ్యి తిప్పింది.

"ఒక్క రింగంటే ఏమిటో తెలియదూ? ఏ దేశంలో పుట్టావే నువ్వు?"

ఇన్షిరాహ్ కూతురివైపు తిరిగింది.

"నన్నొక్క మాట అడగకపోయావా?"

"నువ్వు పడిపోకూడదనే అమ్మా..."

"నేను పడలేదులే," అందావిడ మెల్లిగా.

తర్వాత కప్పు కింద పెట్టి, విజ్దాన్ భుజం పట్టుకుని లేచింది.

"పొద్దున్నే మీ అమ్మ ఎక్కడ కూర్చునేదో చూపించమ్మా."

రిహాబ్ కూడా లేవబోయింది. ఇన్షిరాహ్ వెనక్కి తిరక్కుండానే, "నువ్వుండు," అంది.