మామ్మ అవుటయ్యింది

సుబ్బరత్నమ్మ చెరుకుపల్లి హైస్కూలుకి వెళ్ళింది కబడ్డీ జట్టులోంచి మనవరాలి పేరు కొట్టేయించడానికే. హిమబిందు మొన్న పెద్దమనిషయింది. ఈతాకుల చాప మీద కూర్చోబెట్టారు. ఆ చాప తియ్యకముందే బాపట్లలో కబడ్డీ పోటీ వచ్చిపడింది. "పంపాలో వద్దో నువ్వే తేల్చమ్మా" అని కొడుకు దుర్గాప్రసాద్ తప్పుకున్నాడు. ఈడొచ్చిన పిల్లకి గెంతులేంటని ఆమె తేల్చేసింది. హిమబిందు నువ్వుల చిమ్మిలి ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

స్కూలు గ్రౌండులో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. ముగ్గుతో గీసిన ఆ గళ్ళు చూడగానే సుబ్బరత్నమ్మ వచ్చిన పని మరిచిపోయింది. తెనాలిలో పుట్టింటి పెరడు, కుండపెంకుని సన్నికల్లు మీద అరగదీసి చేసుకున్న బిళ్ళ, చేతికంటిన ఎర్రటి పొడి గుర్తొచ్చాయి.

ఇక్కడ మాత్రం చివరి రెండు గళ్ళలో 'నిజం', 'అబద్ధం' అని రాసుంది. ఆటల టీచర్ జ్యోత్స్న ఒక మాట చెబుతుంది. పిల్లలు సరైన గడిలోకి ఒంటికాలి మీద గెంతాలి.

"ముట్టయినమ్మాయి తాకితే ఆవకాయ పాడవుతుంది!"

భాగ్యశ్రీ 'అబద్ధం'లోకి గెంతింది. "నేను తాకాను టీచర్. మా అన్నయ్య సగం జాడీ ఖాళీ చేశాడు!"

"వద్దన్నాక చెయ్యి పట్టుకుంటే అది సరదా కాదు, తప్పు!"

ప్రణీత్ తల దించుకునే 'నిజం'లోకి గెంతాడు. "జడ లాగినా అంతే, గుర్తుపెట్టుకోరా" అంది భాగ్యశ్రీ.

జ్యోత్స్న సుబ్బరత్నమ్మను చూసి పిలిచింది. "రండి మామ్మగారూ, మీరూ ఓ ఆట వెయ్యండి. బాగా ఎగిరే పిల్ల తొందరగా పెద్దమనిషవుతుంది. నిజమా, అబద్ధమా?"

ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుంది సుబ్బరత్నమ్మ. కుచ్చెళ్ళు ఎత్తిపట్టి 'నిజం'లోకి గెంతింది.

"మామ్మ అవుట్!" పిల్లలు గోల చేశారు.

"అవుటేంటే? నాకలాగే అయింది! గెంతుతుంటేనే లంగా తడిసింది. లోపలేదో తెగిందనుకున్నా. ఎగరొద్దంటే విన్నావా అని మా అమ్మ నా బిళ్ళని కాలవలో పారేసింది."



"ఎగిరినా, కూర్చున్నా అదొచ్చే టైముకి అదొస్తుందండి. మీరు చేసిన తప్పేం లేదు" అంది జ్యోత్స్న.

సుబ్బరత్నమ్మ ఆ గడిలోనే నిలబడిపోయింది. ఆనాడు చాప మీద కూర్చుని, గోడ అవతల స్నేహితుల బిళ్ళ పడే చప్పుడు వింటూ, తన ఆటే తనకింత పని చేసిందని ఏడ్చింది. మళ్ళీ ఎన్నడూ బిళ్ళ పట్టుకోలేదు.

"మరి మా బిందు పోటీకి రావచ్చా తల్లీ?"

"నొప్పి లేకపోతే నిక్షేపంగా రావచ్చండి."

ఇంటికెళ్ళి చిమ్మిలుండ మనవరాలి చేతిలో పెట్టింది. "తినవే, కబడ్డీకి బలం ఉండొద్దూ?"

హిమబిందు చటుక్కున లేచి కూర్చుంది. "నాన్న ఏమంటాడో నాయనమ్మా!"

"నన్నేగా తేల్చమన్నాడు? తేల్చాను."

సాయంత్రం వాకిట్లో ముగ్గుతో గళ్ళు గీస్తున్న నాయనమ్మని చూసి హిమబిందు నవ్వింది. "నీకీ ఆట వచ్చా?"

"వచ్చా ఏంటే? మా వీధిలో నన్ను అవుట్ చేసినవాళ్ళు లేరు. ఇవాళే, మీ స్కూల్లోనే, మొదటిసారి."

కొంగు ముడిలోంచి పెంకుముక్క తీసి అరుగు మీద అరగదియ్యడం మొదలుపెట్టింది.