మేస్త్రిగారి మ్యావుహూర్తం

ఫోన్‌లో రాజేశ్వరి మేడమ్ అన్నది పిల్లి. నర్సింగ్ చెవిన పడ్డది పెళ్లి. నడుమ తప్పు చేసింది కాంక్రీట్ మిక్సర్.

ఒమాన్‌లోని ఇబ్రా ఊళ్లో, కట్టడం సైట్‌లో ఆఫీసంటే ఒక రేకుల గది. దానికి ఆనుకునే మిక్సర్. అది గరగర తిరిగిందంటే లోపల ఫోన్ పట్టుకున్నవాడికి ప్రతి మాటలోనూ కంకర తగులుతుంది. రోజూ ఇసుకనూ సిమెంటునూ కలిపే ఆ యంత్రం ఆ రోజు పిల్లినీ పెళ్లినీ కలిపేసింది.

నర్సింగ్‌ను మరీ తిట్టిపోయలేం. జగిత్యాల దిక్కు మనిషి. ఇంట్లో పెండ్లి అంటారు, లేదంటే లగ్గం. మస్కట్‌లో తన బిడ్డ సంధ్య చదివే కాలేజీకి హాస్టల్ వార్డెన్ అయిన రాజేశ్వరి మేడమ్‌ది కాకినాడ. వాళ్లు పెండ్లిని పెళ్లి అంటారని అతనికి తెలుసు. అందుకే 'పిల్లి' లాంటిదేదో వినపడగానే, మేడమ్ తన గోదావరి తెలుగులో లగ్గం మాటే చెబుతోందని మర్యాదగా మనసులో సర్దుకున్నాడు. తెలియనివాడైతే "ఏం పిల్లి?" అని అడిగి బతికిపోయేవాడు. కాస్త తెలిసినవాడు కావడమే కొంప ముంచింది.

"మీ సంధ్య పిల్లి సంగతండీ. మీకు చెప్పలేదా?"

"లేదు మేడమ్!" నర్సింగ్ రిసీవర్‌ను చెవికి అదిమాడు. "ఎప్పటిసంది?"

"కొన్ని నెలలైందిట. నాకూ మొన్ననే తెలిసింది. డాక్టర్‌గారు మంచిదేనని రాసిచ్చారు. ప్రిన్సిపాల్‌గారే అడ్డం తిరిగారు. తండ్రి వచ్చి కమిటీ ముందు ఒప్పుకుంటేనే అంటున్నారు. శనివారం పొద్దున్నే రండి."

"పిలగాడెవరు మేడమ్?"

మిక్సర్ మళ్లీ గర్రుమంది. ఆ మాట అవతలికి ఎలా చేరిందో ఏమో!

"పిలిచేదా? మేస్త్రి అని పిలుస్తాం! బంగారంలాంటివాడండీ. ఇన్ని పాలు పోస్తే తాగి ఓ మూల కూర్చుంటాడు. వాణ్ని పంపించేస్తే తను కూడా హాస్టల్లో ఉండలేనంటోంది సంధ్య. మీ మాట మీదే ఉందంతా!"

లైను తెగింది. నర్సింగ్ చేతిలో రిసీవర్, నెత్తిన మిస్టరీ. సైట్‌లో అందరి చేతా మేస్త్రీ అని పిలిపించుకునే తనకు, ఇంకో మేస్త్రి అల్లుడా?

సంధ్యకే ఫోన్ చేసి అడుగుదామంటే కుదరదు. చిన్నప్పుడొచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ పిల్ల వినికిడిని వెంట తీసుకుపోయింది. ఎదుట నిలబడి మాట్లాడితే పెదవులు చూసి ప్రతి మాటా పట్టేస్తుంది. ఫోన్‌కు పెదవులు ఉండవు కదా!

సాయంత్రం ఇంటికి పోయి భార్య ముత్తవ్వకు చెప్పాడు.

"లగ్గమా! నీ నోట్ల చక్కెర వొయ్య!" ముత్తవ్వ చేతిలో చీపురు పడేసింది. "పిలగాడు ఏం జేస్తడయ్యా?"

"మేస్త్రి అంట."

"మరి డాక్టర్ ఒప్పుకున్నడంటివి?"

"డాక్టర్ పిలగాని తండ్రి గావచ్చు."

"డాక్టర్ కొడుకు మేస్త్రి ఎట్లయిండయ్యా?"

"చదువు అబ్బలేదేమో."

"పోనీ తియ్యి. పాలు తాగుతడంటివి గద, అంటే మందు ముట్టడన్నట్టే! గిసొంటి పిలగాడు ఈ కాలంల యాడ దొరుకుతడు?"

"చదువు నడుమల లగ్గమేందే? నేను ఒప్పుకోను. పోయి మొఖం మీదనే చెప్పొస్త."

అతని పట్టుదలకు కారణం ఉంది. ఈ పిల్లకు వినపడదు, మా దగ్గర కుదరదు అని ఒక్కో బడీ తలుపు వేస్తుంటే, ఆ తలుపుల ముందు నిలబడి వాదించినవాడు నర్సింగ్. ముందు బెంచీలో కూర్చోబెట్టండి, బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పకండి అని టీచర్లను బతిమాలినవాడు నర్సింగ్. ఇప్పుడు డిగ్రీ చేతికి అందబోయే వేళకు ఎవడో పాలు తాగే మేస్త్రి వచ్చి అడ్డం పడితే ఊరుకుంటాడా?

ముత్తవ్వ మాత్రం స్టీలు పళ్లెంలో పసుపు, కుంకుమ, గాజులు, అల్లుడికని ఒక ప్యాంటు గుడ్డ, ఒక షర్టు గుడ్డ సర్దింది. ఓ డబ్బా నిండా లడ్డూలు చుట్టింది. మొగుడు వద్దంటాడు, తాను ముద్దంటుంది, చివరికి ఎవరిది నెగ్గుతుందో ఆమెకు అనుభవమే.

శనివారం పొద్దున పికప్ తెచ్చినవాడు నిసార్ అహ్మద్. హైదరాబాద్ మనిషి, సైట్‌కు సామాను తోలుతాడు, సామానుకంటే ముందు వార్తలు తోలుతాడు. అప్పటికే ఇబ్రాలో తెలుగువాళ్లున్న ప్రతి రూమ్‌లోనూ విందు ఎప్పుడనే చర్చ మొదలైంది.

"క్యా నర్సింగ్ భాయ్, బేటీ షాదీ అంటే మొఖం ఇట్ల పెడ్తారా? కొంచెం నవ్వుండ్రి!"

"నువ్వు బండి మీద నజర్ పెట్టు, నిసార్."

"లడ్కా కైసా హై, ముత్తవ్వ వదినా? గోరా హై క్యా?"

"నలుపైతే ఏందన్నా! బుద్ధిమంతుడంట. మూలకు కూసోమంటే కూసుంటడంట."

"అరె వా! నేను మా ఇంట్ల కూసుంటే గూడ మా కుల్సుమ్ లేపుతది. మీ అల్లుడు నసీబ్‌వాలా!"

దారి పొడుగునా కొండల నడుమ నర్సింగ్ ఒకే మాట సాధన చేశాడు. ఒప్పుకోను. పెద్దగా ఒకసారి, నెమ్మదిగా ఒకసారి, పళ్ల మధ్య ఒకసారి.

కాలేజీలో నిసార్ లడ్డూల డబ్బాతో వరండాలో ఆగాడు. లోపల పొడుగాటి బల్ల. ఆ చివర ప్రిన్సిపాల్, తలపాగాతో పెద్దమనిషి, హిందీ మనకంటే శుభ్రంగా మాట్లాడే ఒమానీ. పక్కన కాలేజీ డాక్టర్, రాజేశ్వరి మేడమ్. ఈ చివర సంధ్య. ఒళ్లో ఈతాకు బుట్ట, దాని మీద మూత. తల్లిదండ్రుల్ని చూసి మొఖమంతా నవ్వింది. అల్లుడు ఎక్కడా కనిపించలేదు. డాక్టర్ మాత్రం నడివయసు మనిషి. తండ్రి ఈయనే, పోలికలు ఎట్లుంటయో అనుకుని ముత్తవ్వ ఆయన్ను తనివితీరా చూసింది. ఆయన టై సర్దుకున్నాడు.

ప్రిన్సిపాల్ హిందీలో మొదలుపెట్టాడు. "చూడండి, నాకు మీ అమ్మాయి మీద ఎంతో గౌరవం. కానీ హాస్టల్‌కు ఒక రూల్ ఉంది. ఇవాళ ఈమెకు ఒకణ్ని అనుమతిస్తే, రేపు ప్రతి అమ్మాయీ నాకూ ఒకడు కావాలంటుంది. అప్పుడు నేనేం చెయ్యాలి?"

"సహీ బాత్ సాబ్!" అన్నాడు నర్సింగ్. తన పక్షాన మాట్లాడే పెద్దమనిషి దొరికాడని ప్రాణం లేచొచ్చింది.

రాజేశ్వరి మేడమ్ ఉలిక్కిపడి తెలుగులోకి దిగింది. "అదేంటండీ! వాడు తనకెంత తోడో మీకు తెలీదు. రాత్రిళ్లు కూడా తన కాళ్ల దగ్గరే పడుకుంటాడు!"

ముత్తవ్వ చేతిలో పళ్లెం గలగలలాడింది. "లగ్గం గాకముందేనా!"

మేడమ్‌కు ఆ గాజుల చప్పుడులో మాట అందలేదు. నర్సింగ్‌కు మాత్రం అందాల్సినవన్నీ అందాయి. లేచి బల్ల మీద గుద్దాడు.

"నేను ఒప్పుకోను! మంజూర్ నహీ!"

ప్రిన్సిపాల్ మొఖం వెలిగింది. "తండ్రి వద్దన్నారు. ఇక చర్చ లేదు." కుర్చీలోంచి లేవబోయాడు.

సంధ్య చూపు తండ్రి పెదవుల మీదే ఉంది. నవ్వు ఒక్కసారిగా ఆరిపోయింది. బుట్టను రెండు చేతులా దగ్గరికి పొదువుకుంది.

"బాపూ, అందరు వద్దన్నరు, సరే. నువ్వు గూడనా?" ఆ పిల్ల గొంతు ఎప్పుడూ కొంచెం రాగం తీసినట్టుంటుంది. ఇప్పుడు ఆ రాగం వణికింది. "వాడు లేకుంటే నేను ఈడ ఉండలేను. సామాను సదురుకొని ఇంటికొస్త."

"వాని కోసం చదువు ఇడిసిపెడ్తవా బిడ్డా?"

"వాడుంటేనే గదా బాపూ నా చదువు!"

చదువు నిలబెట్టాలని వచ్చినవాడి నోటి మాటతోనే చదువు కూలేట్టుంది.

అప్పుడే ఎవరో తలుపు టకటకా కొట్టారు.

బుట్ట మూత లేచింది. లోపలినుంచి తేనెరంగు చారల పిల్లి ఒకటి ఒళ్లు విరుచుకుంటూ దిగింది. నేరుగా తలుపు దాకా పోయి ఆగింది, చెవులు రిక్కించింది, వెనక్కి ఉరికొచ్చి సంధ్య చెప్పులోంచి బయటికొచ్చిన కాలి బొటనవేలిని పంజాతో పట్టి గుంజింది. సంధ్య వెంటనే తలుపు వైపు తిరిగింది.

తలుపు తీసుకుని లోపలికొచ్చినవాడు నిసార్. "షాదీ ముబారక్! లడ్డూలు ఎప్పుడు పంచాలె భాయ్? దూల్హా కిదర్, పెండ్లికొడుకేడి?"

"దూల్హా?" అన్నాడు ప్రిన్సిపాల్, సగం లేచిన కుర్చీ మీద సగంగానే ఆగి. "ఎవరి షాదీ?"

"సంధ్యా బేటీది సాబ్! మేస్త్రీ కే సాథ్!"

"మేస్త్రీ?" డాక్టర్ వేలు మెల్లగా నేల మీదికి చూపింది. "మేస్త్రీ తో యే బిల్లీ హై!"

అల్లుడికని తెచ్చి, పళ్లెంలోంచి కిందికి జారిన షర్టు గుడ్డను మేస్త్రి వాసన చూస్తున్నాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు పిల్లిచూపులు దక్కాయి. బిడ్డను ఏలుకునేవాడు అనుకుంటే, వీడు ఎలుకల్ని ఏలేవాడు!

"పిల్లి నడుమల ఎందుకచ్చింది?" ముత్తవ్వ ఇంకా పెండ్లి దగ్గరే ఉంది. "పెండ్లి పిలగాడేడి?"

సంధ్య తల్లి పెదవులు చదివింది. పళ్లెంలో పసుపు చూసింది, గాజులు చూసింది, తండ్రి మాడిన మొఖం చూసింది. ముందు ముక్కుతో నవ్వింది, తరవాత కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ లేచి నిలబడి, అందరికీ కనపడేలా చెయ్యెత్తింది.

"ఒక్క నిమిషం! లగ్గం లేదు, పిలగాడు లేడు. మేడమ్ ఫోన్ల పిల్లి అన్నది. బాపు పెళ్లి అని విన్నడు. గంతే!"

అదే మాట ప్రిన్సిపాల్‌కు హిందీలో చెప్పింది, డాక్టర్‌కు ఇంగ్లీషులో చెప్పింది. ఒక్కో భాషలో ఒక్కో నవ్వు పేలింది. రాజేశ్వరి మేడమ్ మాత్రం రెండు చేతులతో చెంపలు వాయించుకుంది. "అయ్యో రామ! మూల కూర్చునే అల్లుడనా మీరు అనుకున్నది!"

"నీకెట్ల తెలిసింది బిడ్డా?" అన్నాడు నర్సింగ్, నేలలోకి కూరుకుపోతూ.

"నాకు పెదువుల మీద పిల్లి, పెళ్లి రెండూ ఒక్కతీరుగనే కనపడ్తయి బాపూ. అందుకే మాటతోని మొఖం గూడ చదువుత. పిల్లి వద్దనేటోడు గట్ల మొఖం మాడ్చుకొని బల్ల గుద్దడు. నువ్వు ఫోన్ల మొఖం లేకుండ విన్నవు."

అంతమందిలో చెవులు పనిచేయనిది ఒక్క సంధ్యకు. సంగతి సరిగ్గా విన్నదీ ఒక్క సంధ్యే.

"పొద్దుగాల గంట కొడితే, తలుపు సప్పుడైతే, ఆఖరుకు వంటగదిల పొగ లేసినా వచ్చి బొటనవేలు గుంజుతడు. చిన్నప్పుడు నువ్వు గుంజి లేపుతుంటివి సూడు, అచ్చం గట్లనే. అందుకే నీ పేరు పెట్టిన. మేస్త్రి!"

నర్సింగ్ ఒంగి పిల్లి వైపు చూశాడు. పిల్లి అతని వైపు చూసింది. ఇద్దరు మేస్త్రీలు ఒకరి మీసాలు ఒకరు లెక్కగట్టుకున్నారు. అతని కంట్లో ఏదో నలుసు పడింది. ఇక్కడ సిమెంటు కూడా లేదు మరి.

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు. తలుపు దాకా పోయి వచ్చిన పిల్లిని ఆయనా చూశాడు. "నా భయమల్లా, ఇవాళ పిల్లికి సరే అంటే రేపు ఎవరో ఒంటెను తెస్తారని."

"ఒంటె తలుపు సప్పుడు చెప్తే, దాన్ని గూడ పెట్టుకోండ్రి సాబ్!" అన్నాడు నిసార్.

ఆయన నవ్వాపుకోలేక నర్సింగ్ వైపు తిరిగాడు. "తండ్రిగారూ, ఈసారి స్పష్టంగా చెప్పండి. దేనికి ఒప్పుకుంటున్నారో ఆ పేరుతో సహా."

నర్సింగ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బిడ్డకు పెదవులు కనపడేలా అటు తిరిగి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు.

"పి...ల్లి...కి ఒప్పుకుంటున్న. బిల్లీ మంజూర్! పెండ్లి సంగతి డిగ్రీ అయినంక. అప్పుడు గూడ మేస్త్రి ఒప్పుకుంటేనే."

పిల్లి నుదుట బొట్టు పెట్టబోతున్న ముత్తవ్వ తలెత్తింది.

"ఏ మేస్త్రయ్యా?"