నర్సక్క మొగుడు

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో రాజమణిది జాకెట్లు కుట్టే దుకాణం. ఆమెకు ఒక కన్ను మెల్ల. ఆ మాట ముఖం మీద అన్న ఆడది లేదు. ఎవరైనా అంటే పెళ్లి పొద్దు వచ్చినా జాకెట్టు చేతికి రాదని అందరికీ తెలుసు.

సాయంత్రం కాగానే దుకాణంలో టీవీ పెట్టేది. ‘కిరికిరి గల్లీ’ అనే కార్టూను వచ్చేది అప్పుడే. గాజుల దుకాణం సాయిలత వచ్చి గుమ్మంలో కూచునేది, గుడ్డలివ్వడానికి వచ్చినవాళ్లు నిలబడిపోయేవాళ్లు. ఆ కార్టూనులో నల్లద్దాల నర్సక్క అని ఒక లావుపాటి దర్జీమనిషి ఉండేది. కళ్లద్దాలు తియ్యదు, జాకెట్టుకు మూడు చేతులు కుడుతుంది, అడిగినవాళ్లనే తిడుతుంది. నర్సక్క తెర మీదికి రాగానే అందరికంటే గట్టిగా రాజమణే నవ్వేది.

“మా అరుణ్ రాసిండు. నవ్వక చస్తరా?” అనేది.

అరుణ్‌కుమార్ ఆమె తమ్ముడు. తల్లి పోయాక వాణ్ని పెంచింది రాజమణే. వాడు బట్ట కత్తిరించే బల్ల కిందే కూచుని చదువుకున్నాడు. బల్ల పైన ఆడవాళ్లు చెప్పుకునే మాటలన్నీ వింటూ పెరిగాడు. ఇప్పుడు హైదరాబాదులో ఆ కార్టూనుకు కథలు రాసేవాళ్లలో ఒకడు. కామారెడ్డిలో టీచరు చేసే కృపాజ్యోతితో నిశ్చితార్థం కూడా అయింది.

ఒకనాడు కామారెడ్డి నుంచి ఆకాశ్ అనే కుర్రవాడు ఫోను స్టాండుతో సహా దిగాడు. కార్టూన్లలో దాచిన గుర్తులు, మర్చిపోయి చేసిన తప్పులు పట్టుకుని వీడియోలు చెయ్యడం వాడి పని. దుకాణం నిండా జనం ఉన్నారు. తమ్ముడి గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు. రాజమణి కొంగు సర్దుకుని కూచుంది.

“అక్కా, నర్సక్క నువ్వే గదా?” అన్నాడు ఆకాశ్.

“నేనెందుకైత?”

వాడు ఫోనులో బొమ్మలు చూపించాడు. నర్సక్క వెనక గోడకు నీలం రేకు తలుపు. ఇక్కడా అదే. కత్తెరకు కట్టిన ఎర్ర పీలిక. ఇదిగో ఇదే. “గుడ్డకు నోరుంటే నిన్ను తిడుతుండె” అన్న తిట్టు. అది రాజమణి రోజూ తిట్టేదే. చివరికి ఒక బొమ్మను పెద్దది చేశాడు. నర్సక్క వంగినప్పుడు కళ్లద్దాలు కొంచెం జారాయి. కింద మెల్లకన్ను ఉంది.

ఎవరో కిసుక్కుమన్నారు.

“ఇంక తప్పు సంగతి,” అన్నాడు ఆకాశ్ హుషారుగా. “నర్సక్క మొగుడు దుబాయిల చచ్చిపోయిండని మొదట్ల చెప్పిన్రు. మొన్నటి దాంట్లనేమో బోధన్ల ఇంకొకామెతోని కాపురం చేస్తుండని అన్నరు. ఏది నిజమక్కా? నీ మొగుడు పోయిండా, ఉన్నడా?”

పెళ్లి జాకెట్ల తొందరలో మొన్నటి కథ రాజమణి చూడలేదు. ఆమె చేతిలో గుండుసూది ఉంది. అది వేలిలో దిగబడిన సంగతి ఆమెకు తర్వాత తెలిసింది.

ఆమె భర్త జోయల్ దుబాయికి పోయి, అక్కడ చచ్చిపోయాడని, అక్కడే మట్టి చేశారని ఊరికంతా చెప్పింది. అబ్రాహాము పాస్టరుగారు ప్రార్థన కూడా పెట్టించారు. నిజానికి జోయల్ తిరిగొచ్చి బోధన్లో ఇంకొక ఇల్లు పెట్టాడు. మొగుడు వదిలేసిన ఆడది అనిపించుకోవడం కంటే మొగుడు చచ్చిన ఆడది అనిపించుకోవడం నయమనుకుంది. ఆ అబద్ధం ఆమెకు కాక ఇంకొకడికే తెలుసు. అప్పుడు వాడు బల్ల కింద కూచుని ఉన్నాడు.

“పోయిండు,” అంది ఫోను వైపు చూసి.

వీడియో వెళ్లింది. జనం విరగబడి చూశారు. నాలుగు రోజులకు ఆకాశ్ బోధన్ పోయి, వెతికి ఇంకొక వీడియో పెట్టాడు. అందులో జోయల్ తన ఇంటి ముందు కుర్చీ వేసుకుని, ఒళ్లో పిల్లను కూచోబెట్టుకుని, “నేను పోలేదన్నా, మంచిగనే ఉన్న” అని పళ్లికిలించాడు.

సాయిలత వచ్చి పక్కన కూచుంది. “నర్సక్క నువ్వేనని మాకు ఎప్పుడో తెలుసక్కా. నువ్వు గూడ నవ్వుతుంటివి గదా, నీకు తెలిసే నవ్వుతున్నవనుకున్నం,” అంది.

రాజమణి తమ్ముడికి ఫోను చేసింది.

“అక్కా, అది కామెడీ. ఎవలు గుర్తుపడ్తరనుకున్న?” అన్నాడు అరుణ్‌కుమార్. “మా సారుకు నర్సక్కంటే మస్తు ఇష్టం. రోజూ ఇంకోటి రాయమంటడు, నాకెక్కడికెళ్లి వస్తయి?”

“బావ చచ్చిపోయిండని రాసినోనివి, మళ్ల బతికున్నడని ఎందుకు రాసినవురా?”

“మొదట ఏం రాసిన్నో మర్చిపోయిన,” అన్నాడు.

కోపంతోనో పగతోనో రాసి ఉంటే ఆమె ఏడ్చి ఊరుకునేదేమో. మర్చిపోయాడు. ఆమె బతుకంతా మోసిన మూటను వాడు ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు.

మరునాడు దుకాణం మూసి కామారెడ్డి బస్సెక్కింది. ఫ్లెక్సీలు వేసే దుకాణంలో తమ్ముడి నిశ్చితార్థం ఫోటో ఇచ్చింది. ‘శ్రద్ధాంజలి. మా ప్రియ తమ్ముడు అరుణ్‌కుమార్ ప్రభువునందు నిద్రించెను’ అని రాయించింది. అచ్చువేసే మనిషి “పాపం, చిన్న వయసు” అన్నాడు. “ఏం జేస్తం,” అంది రాజమణి. రెండు వేయించింది. ఒకటి ఎల్లారెడ్డి బస్టాండు ముందర కట్టించింది. ఇంకొకటి కామారెడ్డిలో, కృపాజ్యోతి బడికి పోయే మలుపులో.

పొద్దున స్కూటీ మీద వస్తున్న కృపాజ్యోతి తలెత్తి చూసింది. బండి పోయి డివైడరుకు కొట్టుకుంది. కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది.

మధ్యాహ్నానికల్లా అరుణ్‌కుమార్ ఎల్లారెడ్డిలో దిగాడు. బస్టాండు ముందర తన బొమ్మ కిందే దిగాడు. జనం గుర్తుపట్టి ఫోన్లు తీశారు. వాళ్లను వెంటేసుకుని దుకాణం దాకా వచ్చాడు.

“అక్కా, ఇదేంది? నేను బతికే ఉన్న!”

రాజమణి మిషను ఆపలేదు. “గట్లనా? జోయల్ గూడ మొన్నటి దాంక చచ్చే ఉండె. ఏది తప్పో ఆకాశ్‌నడుగు పో.”

“జ్యోతి దవాఖానల ఉందే. వాళ్ల బాపు పెళ్లి వద్దంటుండు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. కాళ్లు మొక్కుత.”

సందులో నవ్వులు వినిపిస్తున్నాయి. ఎవరో “చచ్చినోడు మొక్కుతుండురో” అని అరిచారు. ఒకప్పుడు అలాంటి మాట వాణ్ని ఎవడైనా అంటే రాజమణి కత్తెర పట్టుకుని బయటికి ఉరికేది. ఇప్పుడు దారం తెంపి, ఇంకొక గుడ్డ మిషను కిందికి తోసింది. వాడు చీకటి పడేదాకా గుమ్మంలో కూచుని లేచి పోయాడు.

పెళ్లి ఆగిపోయింది. బతికున్నవాణ్ని చంపే ఇంట్లోకి బిడ్డనివ్వనని కృపాజ్యోతి తండ్రి తెగేసి చెప్పాడు. కార్టూను ఆగలేదు. నర్సక్క మొగుడు తిరిగొచ్చే కథ వస్తుందని సాయిలత చెప్పిపోయింది. దాన్ని ఎవరు రాశారో ఆమెకు తెలియదట.

కొన్నాళ్లకు కృపాజ్యోతి తనే ఎల్లారెడ్డికి వచ్చింది. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. పెళ్లి జాకెట్టు కుట్టమని నిశ్చితార్థం రోజున రాజమణికిచ్చిన పట్టుగుడ్డ కోసం వచ్చింది. రాజమణి బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

కృపాజ్యోతి దాన్ని ముట్టుకోలేదు. “నేనేం జేసిన వదినా నీకు?” అంది.

రాజమణి గుడ్డ మడత సరిచేసింది. “నువ్వేం జెయ్యలే,” అంది.

రాజమణి ఇంకేదైనా చెబుతుందేమోనని ఆ పిల్ల నిలబడింది. రాజమణి మిషను దగ్గరికి పోయి కూచుంది. కృపాజ్యోతి గుడ్డ అక్కడే వదిలి కామారెడ్డి బస్సుకు పోయింది.

మంచి గుడ్డ, మామిడిపండు రంగు, పారెయ్యబుద్ధి కాలేదు. మరుసటి వారం రాజమణి దాన్ని కత్తిరించి సాయిలత బిడ్డకు లంగా మీదికి జాకెట్టు కుట్టి ఇచ్చింది. చేతులు బాగా కుదిరాయని అందరూ మెచ్చుకున్నారు.