ఖాళీ కోటు హాజరు

బొత్తాలమ్మ రోజూ పొద్దున్నే చేసే మొదటి పని, దర్జీల షెడ్డు తలుపు తీసి, వాకిట్లో వరసకట్టిన కోట్లని లోపలికి రమ్మనడం. యుద్ధానికి మనుషులతో వెళ్ళిన కోట్లు, మనుషుల్లేకుండా నడిచొచ్చేవి. ఒకదాన్నొకటి తోసుకునేవి కావు. రేషను వరసలో మనుషులకి లేని బుద్ధి వాటికుండేది.

"కాళ్ళు తుడుచుకుని రండర్రా" అని అలవాటుగా అనేసి, వాటికి కాళ్ళెక్కడివని నాలిక్కరుచుకునేది.

రాజుగారి కాలంలో బొత్తాల మీద సింహం ఉండేది. విప్లవమొచ్చి సింహాన్ని పీకి నక్షత్రం పెట్టింది. దాని మీదికి ఇంకో విప్లవమొచ్చి నక్షత్రాన్ని పీకి గద్దని పెట్టింది. ముప్పయ్యేళ్ళలో బొత్తాలమ్మ పీకిన బొత్తాలు పోగేస్తే కొండ అయ్యేది, ఆ కొండెక్కి చూస్తే సముద్రం కనిపించేది. గుడ్డ మాత్రం అదే గుడ్డ. బళ్ళో "మనమెవరం?" అని అడిగితే, పిల్లలు ముందు కిటికీలోంచి తొంగిచూసి, వీధిలో ఏ బొత్తాలు తిరుగుతున్నాయో కనుక్కుని మరీ జవాబు చెప్పేవాళ్ళు.

ఆవిడకి ఉన్నది ఒక్కడే కొడుకు. వాడికి పిలుపు కాగితం వచ్చింది. శుక్రవారం పది గంటలకల్లా, కోటు తొడుక్కుని చౌరస్తాలో హాజరవ్వాలి.

"ఎటైనా పారిపోరా నాన్నా."

"ఎటు పోనే అమ్మా? ఊరి చుట్టూ కంచె, కంచె చుట్టూ సిపాయిలు, సిపాయిలు పారిపోకుండా వాళ్ళ చుట్టూ ఇంకో కంచె."

కొడుకు కోటుకి బొత్తాలు కుట్టే పని కూడా ఆవిడకే పడింది. సింహం నాడు కోటు కుడివైపు మూసేవారు, నక్షత్రం నాడు ఎడమవైపు, గద్ద వచ్చాక మళ్ళీ కుడి. కళ్ళనిండా నీళ్ళతో కుడేదో ఎడమేదో తెలియక, రెండు అంచుల్నీ కలిపేసి, మెడ నుంచి కింది దాకా పన్నెండు బొత్తాలూ గట్టిదారంతో బిగించేసింది.

షెడ్డు మేస్త్రీ చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఏంటక్కా ఇది? కోటు కుట్టావా, మూట కట్టావా? ఇందులో మనిషి దూరేదెలా?"

"నా చేతులకి కుడీ ఎడమా ఎప్పుడో పోయాయిరా తమ్ముడూ. మీ విప్లవాలే మింగేశాయి."

"మెల్లిగా అనవే తల్లీ! ఇంటికి తీసుకుపోయి, కుట్లు విప్పి సరిచెయ్యి."

శుక్రవారం పొద్దున ఆవిడ కత్తెర తీసింది. కొడుకు తల దువ్వుకుని పక్కన నిలబడ్డాడు. కోటు గోడ వంకె మీద నుంచి తనే దిగింది. ముడతలు సర్దుకుంది. వాడి భుజం మీద చెయ్యేసి రెండుసార్లు తట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

చౌరస్తాలో గుమాస్తా, బొత్తాలమ్మ కొడుకు పేరు పిలిచాడు. కోటు చెయ్యెత్తింది. గుమాస్తా గీత పెట్టుకున్నాడు. అధికారి దాని చుట్టూ ఒకసారి తిరిగి, గద్దలు తళతళలాడుతుంటే మురిసిపోయాడు.

"సైనికుడంటే వీడయ్యా! ఎదురు మాట లేదు, తిండి గోల లేదు."

కొడుకు వెనక గదిలో కిటికీ మూసుకుని కూర్చున్నాడు. "యుద్ధం అయిపోనీవే. దూరపు చుట్టాన్నని చెప్పుకుని తిరుగుతాను" అనేవాడు. ఆ మాట పట్టుకునే తల్లీకొడుకులు మూడు నెలలు ఈడ్చారు.

నాలుగో నెల కొడుకు పేరు పేపర్లో పడింది. సరిహద్దు వంతెన మీద ఒక్కడే నిలబడ్డాడట. వెయ్యి తూటాలు తగిలినా ఒరగలేదట. చివరికి నిప్పంటిస్తే గానీ కూలలేదట. ఆ బూడిద చూసి శత్రువులు కూడా టోపీలు తీశారట. వారం తిరక్కుండా ఊళ్ళో ప్రతి గోడమీదా కొడుకు మొహమే. బళ్ళో పిల్లలు ఇప్పుడు కిటికీ వైపు చూడడమే లేదు. "మేం వంతెన వీరుడి జాతి" అని ఒక్క గొంతుతో అరుస్తున్నారు.

"అమ్మా, గోడల మీద నేను బాగున్నానా?" అనడిగాడు కొడుకు, గోళ్ళు కొరుక్కుంటూ.

"మీసం పెద్దది పెట్టారు."

"ఇంక దూరపు చుట్టాన్నంటే ఎవడు నమ్ముతాడే!"



మర్నాడు అధికారి బ్యాండు మేళంతో గుమ్మం ముందు దిగాడు. మేస్త్రీ, షెడ్డులో జనం, వీధి వీధంతా వెనకే వచ్చారు. అధికారి టోపీ తీసి ఆవిడకి వంగి దండం పెట్టాడు.

"అమ్మా! ఇన్నాళ్ళూ మేమెవరమో మాకే తెలియలేదు. మీ అబ్బాయి చచ్చిపోయి చెప్పాడు. ఇకనుంచి ఈ ఇల్లు జాతి సొత్తు. వాకిట్లో ఇద్దరు, పెరట్లో ఇద్దరు, పగలూ రాత్రీ కాపలా."

"ఎన్నాళ్ళు బాబూ?"

"ఎన్నాళ్ళేంటమ్మా! దేశం ఉన్నన్నాళ్ళూ."

జనం చప్పట్లు కొట్టారు. మేళం ఆగాక, వెనక గదిలోంచి దగ్గు వినబడింది. మగదగ్గు. వాకిట్లో కాపలావాళ్ళిద్దరూ ఒకేసారి తలలు తిప్పారు.

బొత్తాలమ్మ గుండెలమీద చెయ్యేసుకుని, వీధి చివరిదాకా వినబడేలా, గొంతు బొంగురు చేసుకుని దగ్గింది. కాపలావాళ్ళు జాలిగా చూసి మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆవిడ తాగి, ఇంకోసారి దగ్గింది.