పార్బతి తోమిన ఇత్తడి పలక

ఫిజీలోని లంబాసా టౌన్ కౌన్సిల్ గోడకున్న ఇత్తడి పలకను పార్బతి ప్రతి శుక్రవారం చింతపండు, బూడిద పెట్టి తోమేది. ఇంట్లో చెంబుల్ని ఎలా తోముతుందో దాన్నీ అలాగే. తోమి, నీళ్లతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి బస్సెక్కేది. ఆఫీసువాళ్లు ఏనాడూ వద్దనలేదు. జీతం లేకుండా మెరుపు వస్తుంటే ఎవరు కాదంటారు!

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సర్కారు జనాన్ని అప్పు అడిగినప్పుడు ఊళ్లోవాళ్లు తలా ఇంత ఇచ్చారు. దానికి గుర్తుగా పెట్టిన పలక అది. పార్బతి మొగుడు అప్పన్న ఆమె మెడలోని కాసుల దండ అమ్మి మరీ ఇచ్చాడు. ఆ డబ్బు వడ్డీతో తిరిగొచ్చి చెరకు పొలంలో కలిసిపోయింది. దండ మాత్రం రాలేదు. ఆమె చాన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగితే, అప్పన్న ఆమెను టౌనుకు తీసుకొచ్చి పలక చూపించాడు.

"చూడు, నా నామ్ అందరికంటే పైన ఉంది."

ఆమెకు చదువు రాదు. మొగుడి మాట మీద మాత్రం కొండంత నమ్మకం. దండ పోతే పోయింది, పేరు దక్కిందని సరిపెట్టుకుంది.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన మూడో ఏట కౌన్సిల్ కొత్త భవనంలోకి మారింది. పలక విప్పిస్తున్న గుమాస్తా సత్యేంద్ర, తోమడానికి వచ్చిన ఆమెను చూసి తల గోక్కుంటూ, నాయనమ్మను పిలిచినట్టే పిలిచాడు.

"ఆజీ, అచ్ఛర్ అంతా పోయింది, ఒక్క అక్షరమూ లేదు. నువ్వే తోమేసినావు. నయా బిల్డింగులో ఇది పెట్టరు."

పార్బతి చింతపండు చేత్తోనే పలకను తడిమింది. "అయితే మల్లా రాయించు బేటా. మా ఆయన నామ్ ముందర రాయించు."

"రాయిస్తాం. స్కూలుకు పోతా రోజూ చదివినాను, నాకు యాద్ ఉంది. 'ఈ టౌన్ జనం సర్కారుకు లోన్ ఇచ్చినారు.' అంతే. నామ్ ఎవరిదీ లేదు, ఆజీ."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. నిలదీద్దామంటే అప్పన్న పోయి పదేళ్లయింది. చేతిలోని చింతపండు ముద్దను కాలవలో పారేసి బస్టాండుకు నడిచింది.

అక్కడ పక్క పొలం రాజ్‌కుమారి కనిపించింది. ఆమె మొగుడూ అప్పట్లో ఎద్దుల జత అమ్మి ఇచ్చినవాడే. ఆమెకూ చదువు రాదు. ఇన్నేళ్లుగా పార్బతి చెప్పుకునే గొప్పలన్నీ నోరు మెదపకుండా వింటూ వచ్చింది.

"నయా పలక వస్తాదంట కదా వదినా," అంది రాజ్‌కుమారి. కాసేపు నసిగి, "దాని మీద మా ఆయన నామ్..." అని ఆగిపోయింది.

పార్బతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉంది. మా ఆయన పక్కనే ఉంది. ఇన్నాళ్లూ నేనే నీకు చెప్పలేదు."