పదకొండు మందిలో ఒకడు

దేవుడి పేరున వచ్చిన మెసేజీని ముందుకు పంపకపోతే ఆయనకు కోపం వస్తుందా? ఈ అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఎవరినీ అడగలేదు. వచ్చినవి వచ్చినట్టు పంపేస్తూ ఉండేదాన్ని.

మూడేళ్ల క్రితం అలాంటిదే ఒకటి మా తమ్ముడు దిలీప్‌కి పంపాను. సాయంత్రంలోగా పదకొండు మందికి పంపకపోతే ఇంట్లో ఒకరికి కీడు అని ఉంది అందులో. వాడికి అప్పటికే మనసు జబ్బు, మాత్రలు వాడుతున్నాడు. వాడి ఫోన్లో ఉన్నవి నాలుగు నంబర్లు. మిగతా ఏడింటి కోసం చోడవరం బస్టాండుకి వెళ్లి, కనబడ్డవాళ్లనల్లా నంబరిమ్మని బతిమాలాడు. దొంగనుకుని ఎవరో కొట్టారు.

చిరిగిన చొక్కాతో వచ్చి, "అప్పా, ఏడుగురు దొరకనేదు. నీకేటైనా అవుతాదా?" అని అడిగాడు. నేను బియ్యం ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను. అప్పటి నుంచి రోజూ పొద్దువాలే వేళకి గుమ్మంలోకి వచ్చి, నన్ను ఒకసారి చూసి పోతాడు.

ఈ మధ్య ఝాన్సీ అనే నర్సు, వాడిలాంటి రోగులకి గురువారం గురువారం క్లాసు పెడుతోంది. ఫోన్లో వచ్చేవాటిలో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో చెబుతుంది. మొన్న వాడితో నేనూ వెళ్లాను.

"ఎవరు పంపేరు? వాళ్లకెలా తెలుసు? ఈ రెండూ అడగండి సాలు," అంది ఝాన్సీ.

క్లాసుకి వచ్చి నా పక్కన కూర్చున్న స్వర్ణకుమారి అనే ఆవిడ అందుకుంది. "మా చర్చి గ్రూపులోనూ ఇవేనమ్మా. ఆమెన్ కొట్టకపోతే శాపమట. కొట్టీ కొట్టీ నా బొటనేలు అరిగింది గానీ, ఏటీ కలిసి రానేదు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తన వంతు వచ్చేసరికి దిలీప్ ఆ పాత మెసేజీ తీసి చదివాడు. వాడు దాన్ని చెరపలేదని నాకు అప్పుడే తెలిసింది.

"ఎవరు పంపేరు బాబూ?" అంది ఝాన్సీ.

వాడు నా వైపు చూడలేదు. "తెల్దండీ."

"పేరు లేదా అందులో?"

"తెల్దంతన్నాను కదండీ!"

"నేనే పంపేనమ్మా," అన్నాను. "నాకెవరో పంపితే సదవకుండా తోసేసేను." వాడి వైపు తిరిగాను. "పదకొండు మందిలో నువ్వొకడివిరా, అంతే."

దేవుడి సంగతి నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. వాడి సంగతి మాత్రం తెలుసు.

"ఆవేళ నువ్వడిగినప్పుడే సెప్పాల్సింది. ఏటీ అవదురా. నీ వల్ల నాకేటీ అవదు."

మూడేళ్లు బాకీ పెట్టిన జవాబు. చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

"సరేలే అప్పా," అని వాడు ఫోను పక్కన పెట్టాడు.