పందిరి కింద వాగు

శాసనసభ్యుడు కృష్ణరాజ్‌కు భయమంటే ఏమిటో తెలియదు. మైకు కట్ చేసినా, మార్షల్స్ వచ్చి ఎత్తి బయట పడేసినా, మళ్ళీ లేచి అరిచే రకం. అలాంటి మనిషి ఆ రోజు ప్రశ్నోత్తరాల సమయంలో తన పేరు పిలవగానే లేచి నిలబడ్డాడు. ఎదుటి వరుసలో రహదారుల మంత్రి కూడా లేచాడు. అంతే, కృష్ణరాజ్ భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఖర్మ! చెయ్యి దానంతట అదే పోయింది. ఆ మంత్రి వరదరాజన్, కృష్ణరాజ్ కూతురు శ్రీరంజనికి సాక్షాత్తూ మామగారు మరి.

మదురై చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో పిల్లనిచ్చినవాడు వియ్యంకుణ్ణి, వాళ్ళ మాటలో సమ్మందిని, నోరు తెరిచి ఏదీ అడగడు. మంచినీళ్ళు కూడా అడగడు, ఇస్తే తాగుతాడు. ఎన్ని తరాల కింద ఆంధ్రదేశం వదిలి వచ్చారో అడిగితే ఎవరూ చెప్పలేరు గానీ, ఈ మర్యాదను మాత్రం మూటగట్టుకుని తెచ్చుకున్నారు మహానుభావులు.

కృష్ణరాజ్‌ది వాడిపట్టి దగ్గర తిమ్మనాయకన్‌పట్టి. ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక వాగు. దాని మీది వంతెన పోయిన వానాకాలంలో కొట్టుకుపోయింది. మామూలు రోజుల్లో జనం పంచెలు ఎగగట్టి దాటేస్తున్నారు, సరే. కానీ శ్రీరంజని తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నర్సు జెబమలర్ ఉండేదేమో వాగుకు అవతల, రోడ్డు వైపు. పెద్ద వాన పడితే తాను రాలేనని, పిల్లను ముందే మదురై తీసుకుపొమ్మని ఆమె చెప్పి చూసింది.

"తొలి కాన్పు పుట్టింట్లో కాక బాడిగింట్లోనా?" అని కృష్ణరాజ్ భార్య జానకమ్మాళ్ లేచింది. "మా ఇంటికి దోవ లేదని సమ్మందోళ్ళకు మనమే తండోరా వేసినట్టు అయిపోదా? ఇంకా నాళ్ళు ఉండాయి. మీరు సభలో అడిగి వంతెన ఏపించండి."

"ఏసే మంత్రి ఎవరనుకొంటివి? మన సమ్మందే!"

"ఇంట్లో సమ్మంది. ఆడ మంత్రి. ఆడ మీరు పిల్లనిచ్చినోరు కాదు, ఓటేసినోళ్ళ మనిషి. ఊరికే మైకు పగిలేట్టు అరిచేదానికి నోరుండాది కదా, దీనికి లేదా?"

ఆ మాట ఆయనకు నచ్చింది. ప్రశ్న రాసి ఇచ్చేశాడు.

సభకు బయలుదేరుతుంటే చెన్నైలోని ఆయన గదికి ఊరి నుంచి ఫోను వచ్చింది. "రాత్రంతా ఒకటే మళ" అంది జానకమ్మాళ్. ఆ ఊళ్ళో వానను అలాగే అంటారు. "వాగు నిండుగా పోతా ఉండాది. పాపకు నొప్పులు మొదలైనాయి."

"జెబమలర్ వచ్చినాదా?"

లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. ఆయన గుండెల్లో రాయి పడింది. సభలోకి ఆ రాయితోనే వచ్చాడు.

"సభ్యులు ప్రశ్న అడగవచ్చు" అన్నారు సభాపతి కోదండరామన్, అరవంలో.

"మంత్రిగారు నిలబడి ఉంటే నేనెట్లా అడిగేది? ముందు వారు కూర్చోవాలి."

"సభ్యులు నిలబడి ఉండగా నేనెట్లా కూర్చునేది? ముందు వారే కూర్చోవాలి" అన్నాడు మంత్రి, అంతకంటే వినయంగా.

"ఇద్దరూ కూర్చుంటే ఇక ప్రశ్న ఎవరు అడుగుతారు? జవాబు ఎవరు చెబుతారు?" అని సభాపతి నెత్తి పట్టుకున్నారు. "నిలబడే కానివ్వండయ్యా!"

కృష్ణరాజ్ గొంతు సవరించుకున్నాడు. వంతెన కొట్టుకుపోయిన సంగతి ప్రభుత్వానికి తెలుసా అని అడగాలి. దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చాడు. తీరా నోరు తెరిస్తే వచ్చిన మాట ఇది: "మా అక్కగారికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని ప్రభుత్వాన్ని అడుగుతున్నాను."

అధికారుల గ్యాలరీలో కాగితాలు ఎడాపెడా తిరగేశారు. ఏ కాగితంలోనూ మంత్రిగారి భార్య మోకాళ్ళు లేవు.

"తగ్గింది" అన్నాడు మంత్రి సొంతంగానే. "సభ్యుల ఇంటి నుంచి పంపిన నువ్వుల నూనె రాస్తున్నాము. ప్రభుత్వం తరఫున కృతజ్ఞతలు."

అధికారపక్షం బల్లలు చరిచింది. ఎందుకు చరిచారో వాళ్ళకే తెలియాలి.

"ప్రశ్న వంతెన గురించి!" అని సభాపతి అరిచారు.

"అవును, వంతెన" అన్నాడు మంత్రి. "ఆ వంతెన కొట్టుకుపోయిందని మా ఇంజినీరు రాశాడు. కానీ వళైకాప్పు నాడు, మా కోడలికి గాజులు తొడిగిన నాడు, నేను స్వయంగా దాని మీద నడిచాను. కారు వాకిటిదాకా వస్తుందని, దేనికీ కొరత లేదని సభ్యులే నాతో అన్నారు. ఇంజినీరు మాట నమ్మాలా, సంబంధి మాట నమ్మాలా?"

అయ్యో రామా! ఆ రోజు చేసిన ఘనకార్యం కృష్ణరాజ్‌కు తెలియనిదా? అప్పుడు పైనుంచి కాలువ నీళ్ళు వదిలారు, వాగులో మోకాటి లోతు. వంతెనల మంత్రికి వంతెన లేదని తెలిస్తే పరువేం కాను? కొబ్బరి దుంగలు అడ్డం వేయించి, మట్టి పోయించి, పైన ఎర్ర జంబుకానా పరిపించాడు. రెండు గట్లకూ కలిపి పెద్ద పందిరి వేయించి అరటి చెట్లు కట్టించాడు. నీళ్ళ చప్పుడు వినపడకుండా ఆ గట్టున ఒక నాదస్వరం, ఈ గట్టున ఒక నాదస్వరం. కార్లు రోడ్డు దగ్గరే ఆపించి, ఊరేగింపుగా నడిస్తేనే శుభమని చెప్పాడు. అతిథులు పందిట్లో నడుస్తున్నామనుకుంటూ వాగు దాటేశారు. తన తెలివికి ఆ రాత్రి తానే మురిసిపోయాడు కూడా, సన్నాసి!

"ఇంకొక్క ప్రశ్న. ఆఖరిది" అన్నారు సభాపతి.

కృష్ణరాజ్ కళ్ళ ముందు వాగు కదిలింది. దాని అవతల తన బిడ్డ. చంకలోని తువ్వాలు కింద పడింది, తీసుకోలేదు. అరవం మరిచిపోయి ఇంటి మాట వచ్చేసింది.

"సమ్మందిగారూ, అది వంతెన కాదు. పందిరి! మీ కండ్లు కప్పితిని. దోవ లేదు మా ఊరికి. పాపకు పొద్దున్నుంచి నొప్పులు. వాగు పొంగినాది. నర్సు ఏ గట్టున ఉండాదో తెలీలేదు. మీకు నమస్కారం పెట్టి అడగతా ఉండాను, ఒక వంతెన ఇవ్వండి!"

పాపం, సభలో సగం మందికి ఆ మాటలు అర్థమే కాలేదు. అర్థమైనవాళ్ళు తల వంచుకున్నారు.

"తెలుసు" అన్నాడు వరదరాజన్, ఆయనా ఇంటి మాటలోనే. "దుంగల సందులో నా చెప్పు పడిపోయినాది. కాలికి నీళ్ళు తగిలినాయి. ఒంటి చెప్పుతో వచ్చి మీ ఇంట్లో విందు తింటిని. పిల్లిచ్చినోరి ఇంట్లో అది లేదు ఇది లేదు అని నోటితో ఎట్ల చెప్పేది? మీరుగా మీరు అడిగితే ఇస్తామని చూస్తా ఉంటిని." అప్పుడు గానీ మిగతా మాట ఆయన చెవికెక్కలేదు. "నొప్పులా? ఇప్పుడా?"

మంత్రి కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే, సభ్యుడు ఇంకా నిలబడి ఉండగానే కూర్చున్నాడు.

మధ్యాహ్నం విమానంలో మదురై, అక్కడి నుంచి కారు. సాయంత్రం వెలుగు ఉండగానే వియ్యంకులిద్దరూ వాగు గట్టుకు చేరారు. ఎర్రనీళ్ళు గట్లు ఒరుసుకుంటూ పోతున్నాయి. అవతల, ఊరి గట్టున గొడుగు కింద జానకమ్మాళ్, ఆమె పక్కన జెబమలర్. ఆ మహాతల్లి మబ్బు చూసి, ప్రభుత్వాన్ని నమ్మకుండా ముందురోజే వాగు దాటి వచ్చి వాళ్ళింట్లో పడుకుందని తరువాత తెలిసింది. జానకమ్మాళ్ చేతుల్లో తెల్లటి గుడ్డల మూట.

"తల్లి ఎట్ల ఉండాది?" అని కృష్ణరాజ్ గొంతు చించుకున్నాడు.

నీళ్ళ హోరులో ఏమీ వినిపించలేదు. జెబమలర్ రెండు చేతులూ పైకెత్తి ఊపింది, నవ్వింది. కృష్ణరాజ్‌కు కన్నీళ్ళు ఆగలేదు.

"ఆడా? మగా?" అని మంత్రి అరిచాడు. జవాబు లేదు. మళ్ళీ అరిచాడు. సభలో ఎన్ని వందల ప్రశ్నలకు జవాబు దాటేశాడో గానీ, ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఇలా మెడ చాచి నిలబడటం ఆయనకు అదే మొదలు.

జానకమ్మాళ్ మూటను ఎత్తి చూపింది. వరదరాజన్ తనకు తెలియకుండానే రెండు చేతులూ చాచాడు. మధ్యలో వాగు పోతూనే ఉంది.

"సమ్మందిగారూ!" ఈసారి జానకమ్మాళ్ గొంతు హోరును దాటి వచ్చింది. పిల్లనిచ్చిన తల్లి, మగపెళ్ళివారిని ముఖాన అడిగింది. "మీ మనవరాలు! ఎత్తుకొనేదానికి ఎప్పుడొస్తారు?"

"ప్రభుత్వం పరిశీలన..." అని మొదలుపెట్టి మంత్రి నాలుక కరుచుకున్నాడు. "రేపే మనుషుల్ని దింపుతాను అమ్మా! రేపే!"

కృష్ణరాజ్ పక్కనున్న బండరాయిని పంచె చెంగుతో తుడిచాడు. "కూర్చోండి సమ్మందిగారూ."

"మీరు ముందు."

"అట్ల కాదు, మీరే ముందు..."

"ఎవరూ కూర్చోవద్దు!" అని అవతలి గట్టు నుంచి జానకమ్మాళ్ కేక వేసింది. "వంతెన వచ్చేదాక ఇద్దరూ ఆడనే నిలబడుండండి!"

ఇద్దరూ నిలబడ్డారు.